అటక సామానుకు, గది మనిషికి

ఆబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయం నుండి నాంపల్లి రైల్వే స్టేషను వరకు ఉన్న వీధులలో దుకాణాల బోర్డుల మీదుగా చూపును కాస్త పైకెత్తితే మరొక పట్టణం కనిపిస్తుంది. డాబాల మీద రేకుల గదులు, నీళ్ళ ట్యాంకుల పక్కన వేసిన పడకలు, పాత ఇళ్ళ ఎత్తయిన కప్పుల క్రింద చెక్క పలకలతో అమర్చిన అటకలు, వాటికి ఆనించిన ఇనుప నిచ్చెనలు. ఒకనాడు ఈ చోట్లలో పాత ట్రంకు పెట్టెలు, శీతాకాలపు రజాయిలు, పండుగలకు మాత్రమే దించే దేగిసాలు ఉండేవి. నేడు వాటిలో మనుషులు నిద్రిస్తున్నారు.

ఇందులో ఆశ్చర్యం లేదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరిట ఆబిడ్స్ వెలసింది. 1907లో కట్టిన స్టేషను చుట్టూ నాంపల్లి పెరిగింది. అప్పటి నుండి ఈ ప్రాంతంలో నేల ఒక్క గజం కూడా పెరగలేదు. కుటుంబాలు మాత్రం పెరిగాయి. తాతగారు కట్టిన ఇంటిలో నేడు ముగ్గురు మనుమల సంసారాలు సాగుతున్నాయి. పక్కకు జరిగే వీలు లేనప్పుడు పైకి వెళ్ళక తప్పదు.

కొడుకు పెళ్ళి నిశ్చయమైనప్పుడు, ఆడపిల్లలు ఎదిగివస్తున్నప్పుడు, ఊరి నుండి వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకురావలసి వచ్చినప్పుడు ప్రతి ఇంటిలోనూ ఒకే ప్రశ్న తలెత్తుతుంది. పైనున్న సామాను తీసివేసి ఆ చోటును గదిగా మార్చుకోవచ్చునా? ధార్మికంగా దీనికి అభ్యంతరం ఏమైనా ఉన్నదా?

అభ్యంతరం లేదు. పైగా, అవసరమైన చోట అది మంచి పని. అయితే పై గది కట్టుకున్న ప్రతి గృహస్థుని మీద రెండు హక్కులు వచ్చి చేరుతాయి. ఒకటి, ఆ గదిలో ఉండబోయే మనిషి హక్కు. రెండవది, ఆ గది క్రింద, ఆ గది చుట్టూ ఉండే మనుషుల హక్కు. మేస్త్రీ వేసే అంచనాలో ఈ రెండూ ఉండవు. వాటిని లెక్క వేయవలసినది ఇంటి పెద్దయే.

*గది ఎందుకు కావాలి?*

దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, మన ఇళ్ళను మనకు ప్రశాంతి స్థలాలుగా చేశానని తెలియజేశాడు. ఇంటి ప్రయోజనం తలదాచుకోవడంతో ముగియదు. మనసు కుదుటపడాలి. నూర్ సూరాలో మరొక ఆదేశం ఉంది. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా నమాజు తరువాత, ఈ మూడు సమయాలలో ఇంటిలోని చిన్న పిల్లలు సైతం అనుమతి అడిగి పెద్దల గదిలోకి రావాలి. పిల్లలు యుక్తవయసుకు చేరిన తరువాత అన్ని వేళలా అనుమతి తీసుకోవాలి. పదేళ్ళు నిండిన పిల్లల పడకలను వేరు చేయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు.

ఈ ఆదేశాలను ఒకే గదిలో ఏడుగురు పడుకునే ఇంటికి అన్వయించి చూడండి. అనుమతి అడగడానికి తలుపు ఎక్కడ? పడకలను వేరు చేయడానికి గోడ ఎక్కడ? కాబట్టి ఎదిగే పిల్లలున్న కుటుంబం పైన ఒక గది వేసుకోవాలని తలచడం విలాసం కాదు. ధర్మాన్ని ఆచరించడానికి వీలు కల్పించుకోవడం. అవసరానికి మించిన కట్టడం యజమానికి భారమని హదీసులు హెచ్చరిస్తున్నాయి. అవసరానికి కట్టినదానికి ఆ నింద లేదు.

దైవప్రవక్త (స) వారి జీవితంలోనూ ఒక పై గది ప్రస్తావన ఉంది. ఒక సందర్భంలో ఆయన తమ సతీమణులకు దూరంగా ఇరవై తొమ్మిది రోజులు ఒక పై గదిలో గడిపారు. అరబ్బీలో దానిని ‘మష్రుబా’ అన్నారు. ఖర్జూరపు మానుతో చేసిన మెట్ల మీదుగా దానిలోకి ఎక్కేవారు. హజ్రత్ ఉమర్ (రజి) అనుమతి కోరి లోపలికి వెళ్ళినప్పుడు ఆయన ఒక చాప మీద పడుకుని ఉన్నారు. చాప ఈనెల గుర్తులు ఆయన పార్శ్వం మీద తేలి ఉన్నాయి. తల క్రింద ఖర్జూర పీచు కూరిన తోలు దిండు. గదిలో కొన్ని గింజలు, కొన్ని తోళ్ళు తప్ప మరేమీ లేవు. హజ్రత్ ఉమర్ (రజి) కంట నీరు పెట్టుకున్నారు. పై గది నిరాడంబరంగా ఉండటం తక్కువతనం కాదని ఈ వృత్తాంతం మనకు తెలుపుతుంది. అయితే దీనిలోనే మరొక విషయం గమనించాలి. ఆ గదిని ఆయన స్వయంగా ఎన్నుకున్నారు. ఎవరూ ఆయనను అందులోకి పంపలేదు.

*ఎవరిని పైకి పంపుతున్నాము?*

మన ఇళ్ళలో రేకుల గది సిద్ధమైన తరువాత అందులోకి ఎవరు వెళ్తున్నారు? ఏ.సీ. ఉన్న క్రింది గదిని కొత్త జంటకు ఇచ్చి, మోకాళ్ళ నొప్పితో బాధపడే దాదీమాను పైకి పంపిన ఇళ్ళు లేవా? చదువుకోవడానికి వచ్చిన బంధువుల పిల్లవాడిని, ఇంటి పని చేసే బాలికను, భర్త మరణించిన తరువాత పుట్టింటికి చేరిన ఆడపడుచును మే నెలలో సిమెంటు రేకు క్రింద పడుకోబెట్టిన ఇళ్ళు లేవా? వారు నోరు విప్పి చెప్పరు. చెప్పగలిగిన స్థితిలో ఉంటే వారికి ఆ గది వచ్చేదే కాదు.

దాదీమా విషయమే తీసుకోండి. పైకి వెళ్ళిన మొదటి వారం ఆమె రోజుకు నాలుగుసార్లు దిగి వస్తుంది. ఒక నెల తరువాత ఒక్కసారి. ఆ తరువాత భోజనం పళ్ళెమే పైకి వెళ్తుంది. మనుమలు ఎక్కి వెళ్ళడం మరచిపోతారు. ఎవరూ ఆమెను ఇంటి నుండి పంపివేయలేదు. కాని ఇరవై మెట్లు ఆ పని చేశాయి. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారి ముందు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనవద్దని అల్లాహ్ ఆదేశించాడు. ఒక్క మాట కూడా అనకుండానే ఆ ఆదేశాన్ని ఉల్లంఘించే మార్గం ఇది. మెట్లు ఎక్కగల కాళ్ళున్నవారు పైకి వెళ్ళాలి. వృద్ధులు, గర్భిణులు, రోగులు క్రింద ఉండాలి. ఈ ఒక్క నియమాన్ని పాటిస్తే అనేక ఇళ్ళలో సగం సమస్య తీరుతుంది.

*మనిషికి తగిన కొలతలు*

సామాను ఊపిరి తీసుకోదు. మనిషి తీసుకుంటాడు. అటకకూ గదికీ ఉన్న భేదమంతా ఇక్కడే ఉన్నది. మన దేశ భవన నిర్మాణ నియమావళి కూడా ఈ భేదాన్ని గుర్తించింది. దాని ప్రకారం అటక అంటే ఎత్తు 1.5 మీటర్లకు మించనిది, సామాను పెట్టుకోవడానికి మాత్రమే ఉద్దేశించినది. మనుషులు నివసించే గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలి. ఒకే గది అయితే వైశాల్యం 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు. పొడి వేడి ప్రాంతాలలో కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం పదోవంతు ఉండాలి.

నాంపల్లి పాత ఇళ్ళలో కప్పులు చాలా ఎత్తు. అందుకే అనేకులు మధ్యలో ఇనుప దూలాలు వేసి రెండు అంతస్తులుగా చీల్చాలనుకుంటారు. చేతిలో టేపు పట్టుకుని చిన్న లెక్క వేయండి. మధ్య అంతస్తు ఎత్తు 2.2 మీటర్లకు తగ్గకూడదని నియమం. క్రింది గదికి 2.75 మీటర్లు కావాలి. దూలాల, పలకల మందం కలిపితే అయిదు మీటర్లు దాటుతుంది. అంటే కప్పు పదహారున్నర అడుగులైనా లేకపోతే ఆ ఆలోచన మానుకోవాలి. పద్నాలుగు అడుగుల గదిని చీలిస్తే రెండు గదులు రావు, రెండు అటకలు వస్తాయి. అక్కడ ఒక మూలన పుస్తకాల అర, పగటి వేళ చదువుకునే చోటు ఏర్పరచుకుంటే చాలు.

ఈ నగరం ఈ పాఠాన్ని ఒకసారి ప్రాణాలతో నేర్చుకున్నది. 1911లో ప్లేగు వ్యాపించిన తరువాత, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని ఏర్పాటు చేసింది. ప్రజలు దానిని ‘ఆరాయిష్-ఎ-బల్దా’ అని పిలిచారు. గాలి, వెలుతురు లేని ఇరుకు వాడలను తొలగించి, వెడల్పయిన వీధులు, గాలి ఆడే చిన్న ఇళ్ళు నిర్మించడం దాని ప్రధాన బాధ్యత. నాంపల్లి పొరుగునే ఉన్న మల్లేపల్లిలోని క్వార్టర్లు ఆ కృషికి గుర్తులు. శతాబ్దం క్రితం పెద్దలు తొలగించిన ఇరుకును మనమే మళ్ళీ మన డాబాల మీదికి ఎక్కించుకోకూడదు.

*ఎండ*

హైదరాబాదు వేసవిలో ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం పరిపాటి. పలుచని రేకు సూర్యోదయమైన కొద్దిసేపటికే కాలుతుంది, రాత్రికి త్వరగా చల్లారుతుంది. కాంక్రీటు కప్పు అందుకు భిన్నం. పగలంతా వేడిని తాగి రాత్రంతా విడుస్తుంది. రేకుల క్రింద పగటి నిద్ర, స్లాబు క్రింద రాత్రి నిద్ర కష్టం కావడానికి కారణం ఇదే.

ఉపశమనానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. కప్పు పైభాగానికి తెల్లని సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పెయింటు గానీ వేయిస్తే లోపలి వేడి గుర్తించదగినంత తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించినది ఈ కారణంగానే. రేకు క్రింద కొంత ఖాళీ వదలి సీలింగు వేసి, ఆ ఖాళీలోని వేడి గాలి బయటికి పోవడానికి రెండు వైపులా జాలీలు అమర్చాలి. కిటికీలు ఎదురెదురు గోడలకు ఉండాలి. ఒకే వైపు రెండు కిటికీలు పెడితే గాలి లోపలికి వచ్చి నిలిచిపోతుంది. పడమటి గోడకు కిటికీ తప్పనిసరి అయితే దానిపై సజ్జ వేయాలి.

ఇక పాత సిమెంటు రేకుల విషయం. వాటిలో చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. కదలకుండా ఉన్న రేకు కన్నా కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగులగొట్టినప్పుడు లేచే దుమ్ము ఎక్కువ ప్రమాదకరం. పిల్లలున్న ఇంటిలో ఆ పని చేయించవద్దు. తప్పనిసరి అయితే రేకును నీటితో తడిపి, పనివారికి సరైన మాస్కులు ఇచ్చి చేయించాలి. కూలికి వచ్చినవాని ఊపిరితిత్తులు కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే.

*బరువు*

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గదికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు తొమ్మిది అడుగుల ఎత్తున కడితే ఆ గోడల బరువే దాదాపు పదిహేను టన్నులు. మనుషులు తిరగడానికి ఉద్దేశించిన డాబాను సాధారణంగా చదరపు మీటరుకు నూట యాభై కిలోల అదనపు బరువు మోసేలా రూపొందిస్తారు. ఆ గది పట్టేటంత చోటుకు అది రెండు టన్నులు కూడా కాదు. దీనికి తోడు వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు పెడితే అది మరొక టన్ను. పాత డంగుసున్నపు కప్పులు, చెదలు తిన్న చెక్క దూలాలు ఉన్న ఇళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి క్రింద దూలం గానీ గోడ గానీ ఉన్న చోటనే పై గోడ రావాలి. గాలి బుడగలతో తయారయ్యే తేలిక బ్లాకులు వాడితే గోడల బరువు ఇటుకతో పోల్చితే చాలా తగ్గుతుంది. మేస్త్రీ అనుభవజ్ఞుడు కావచ్చు. అయినా ఇల్లు ఎంత మోస్తుందో చెప్పవలసినది నిర్మాణ ఇంజనీరు. ఆయన రుసుము రెండు రోజుల సెంట్రింగు ఖర్చు కన్నా పెద్దది కాకపోవచ్చు. నగర పాలక సంస్థ అనుమతిని కూడా తేలికగా తీసుకోవద్దు. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో దరఖాస్తు ఇంటి నుండే చేసుకునే వీలు కలిగింది. ప్రజల క్షేమం కోసం చేసిన నియమాలకు కట్టుబడటం ముస్లింకు ఒప్పందాన్ని నిలబెట్టుకోవడం వంటిది.

*నిప్పు, మెట్లు, పిట్టగోడ*

2023 నవంబరు 13న నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో జరిగిన దుర్ఘటన మనకు కొత్త కాదు. క్రింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములకు నిప్పంటుకుంది. మంటలు క్రింద రేగాయి, పొగ పైకి ఎక్కింది. పై అంతస్తులలో నివసిస్తున్న కనీసం తొమ్మిది మంది మరణించారు. అల్లాహ్ వారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించుగాక. పొగకు పైకి వెళ్ళడమే తెలుసు. అందుచేత పై గదిలో ఉన్నవారికే అది ముందు చేరుతుంది, చివరగా బయటపడేది కూడా వారే.

నిద్రకు ముందు దీపాలను, నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (స) బోధించారు. నేడు ఆ బోధన స్కూటరు చార్జరుకు, గ్యాసు సిలిండరుకు, ఒకే ప్లగ్గుకు తగిలించిన నాలుగు తీగలకు కూడా వర్తిస్తుంది. ఇంటి క్రింద పెయింటు డబ్బాలు, థిన్నరు, ఫోము నిల్వ చేసే దుకాణం ఉంటే దానిపై మనుషులను పడుకోబెట్టకూడదు. అద్దె ఎంత వచ్చినా సరే. సీలింగుకు థర్మోకోల్ చవకగా వస్తుందని కొందరు వాడుతున్నారు. అది వేడిని ఆపుతుంది, నిజమే. కాని నిప్పంటుకుంటే దట్టమైన నల్లని పొగ విడుస్తుంది. దానిని బయటికి కనిపించేలా ఎన్నడూ వదలవద్దు.

నిచ్చెన మెట్లకు బదులు కాదు. మధ్యరాత్రి కళ్ళు మూసుకుని దిగగలిగే మెట్లే మెట్లు. కనీసం ఒక మీటరు వెడల్పు, పట్టుకోవడానికి కమ్మీ, అన్ని మెట్లకూ ఒకే ఎత్తు ఉండాలి. మెట్ల మీద చెప్పుల స్టాండు, సైకిలు, పాత ఫ్రిజ్జు పెట్టవద్దు. డాబా తలుపుకు రాత్రి బయటి నుండి తాళం వేసే అలవాటును వెంటనే మానుకోవాలి.

పిట్టగోడ విషయంలో దైవప్రవక్త (స) వారి హెచ్చరిక ఎంత స్పష్టంగా ఉన్నదంటే, అడ్డు లేని ఇంటి కప్పు మీద నిద్రించేవాడు తన రక్షణ బాధ్యతను తానే పోగొట్టుకున్నాడని హదీసు భావం. సంక్రాంతి గాలిపటాల రోజులలో పిల్లలు వెనక్కి నడుస్తూ డాబా అంచుకు చేరడం మనం చూస్తూనే ఉన్నాము. పిట్టగోడ ఒక మీటరుకు తగ్గకూడదు. గది కట్టడానికి డబ్బు చాలకపోతే ముందు పిట్టగోడ కట్టండి, గది మరుసటి సంవత్సరం కట్టుకోవచ్చు.

*క్రింద ఉన్నవారి హక్కు*

ఇప్పుడు రెండవ హక్కు. దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంటిలో దిగారు. వచ్చిపోయేవారికి సౌకర్యమని ఆయన క్రింది భాగంలో ఉన్నారు. అబూ అయ్యూబ్ (రజి) దంపతులు పై భాగంలో ఉన్నారు. ఒక రాత్రి అబూ అయ్యూబ్ (రజి)కి మెలకువ వచ్చింది. మనం దైవప్రవక్త (స) శిరస్సు మీద నడుస్తున్నామే అన్న తలంపు కలిగింది. దంపతులిద్దరూ ఒక మూలకు జరిగి తెల్లవార్లూ అక్కడే గడిపారు. మరొకసారి నీటి కుండ పగిలింది. క్రిందికి ఒక్క చుక్క కారుతుందేమోనన్న భయంతో, తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని తుడిచారు. చివరికి దైవప్రవక్త (స)ను బతిమాలి పైకి మార్చి, తాము క్రిందికి దిగారు.

వారి ఇంటి అతిథి అల్లాహ్ ప్రవక్త. మన క్రింద ఉండేది అద్దెకున్న కుటుంబం కావచ్చు, అన్నగారి సంసారం కావచ్చు, ముస్లిమేతర పొరుగువారు కావచ్చు. పొరుగువారి హక్కు వారందరికీ ఉన్నది. పైన స్నానాల గది కట్టి నేలకు నీరు ఇంకని పూత వేయించకపోతే రెండు వర్షాకాలాలలో క్రింది గది సీలింగు పెచ్చులూడుతుంది. రాత్రి పదకొండు గంటలకు మంచం లాగితే క్రింద నిద్రించే శిశువు ఉలిక్కిపడుతుంది. పైవానికి నేల, క్రిందివానికి అదే కప్పు.

మదర్సాలలో బోధించే ‘హిదాయా’లో పై అంతస్తు ఒకరిది, క్రింది అంతస్తు మరొకరిది అయినప్పటి చర్చ ఉంది. పైవాని అంగీకారం లేకుండా క్రిందివాడు తన గోడకు మేకు కొట్టడానికి, కిటికీ తెరవడానికి కూడా ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అనుమతించలేదు. ఆయన శిష్యులిద్దరూ పైవానికి నష్టం కలగనంతవరకు అనుమతించారు. పైవాడు తన కట్టడం మీద మరొక కట్టడం లేపదలచినా ఇదే చర్చ వర్తిస్తుంది. ఉస్మానీ ఖిలాఫత్ కాలంలో 1869, 1876 సంవత్సరాల మధ్య సంకలితమైన ‘మజల్లా’ ఈ విషయాన్ని మరింత తేటగా చెప్పింది. పైవానికి ఆధారం పొందే హక్కు, క్రిందివానికి ఎండవానల నుండి కాపు పొందే హక్కు ఉన్నాయి. ఒకరి అనుమతి లేకుండా మరొకరు హాని కలిగించే మార్పు చేయరాదు.

కిటికీ విషయమూ ఇంతే ముఖ్యం. ఈజిప్టులో ముస్లింల తొలి పట్టణమైన ఫుస్తాత్‌లో ఖారిజా అనే సహాబీ పై గది కట్టినప్పుడు, అది పొరుగు ఇళ్ళ మరుగును భంగపరుస్తుందని హజ్రత్ ఉమర్ (రజి) తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. ఇటువంటి తగవులకు ఆయన సూచించిన పరీక్ష ఒకటి మాలికీ గ్రంథాలలో కనిపిస్తుంది. కిటికీ దగ్గర ఒక మంచం వేసి, దానిమీద ఒక మనిషిని నిలబెట్టాలి. అతనికి పొరుగింటి లోపలి భాగం కనిపిస్తే కిటికీని అడ్డుకోవాలి, కనిపించకపోతే వదిలివేయాలి. పదమూడు వందలకు పైగా సంవత్సరాలు గడిచినా నాంపల్లి సందులలో ఈ పరీక్షకు మించినది లేదు. గది కట్టక ముందే మీ భార్యతో కలిసి డాబా మీద నిలబడి చూడండి. పొరుగింటి వంటగది, అంగణం, బట్టలు ఆరేసే చోటు కనిపిస్తే కిటికీని మనిషి ఎత్తుకు పైన పెట్టండి లేదా జాలీ వేయించండి. వెలుతురు వస్తుంది, చూపు వెళ్ళదు.

*ఆ గది ఎవరిది?*

అన్నింటికన్నా ఎక్కువ ఇళ్ళను చీలుస్తున్నది ఈ చివరి ప్రశ్న. తండ్రి ఇంటి మీద పెద్ద కుమారుడు తన సంపాదనతో గది కడతాడు. ఆ సమయంలో ఎవరూ ఏమీ మాట్లాడుకోరు. మన మధ్య లెక్కలేమిటి అంటారు. తండ్రి మరణించిన నలభై రోజులకు లెక్కలు మొదలవుతాయి. పై గది నాదని అన్న, ఇల్లంతా నాన్నగారిదని తమ్ముళ్ళు. అక్కచెల్లెళ్ళను ఎవరూ అడగరు.

ధర్మశాస్త్రంలో దీనికి జవాబు ఉంది, అయితే అది నాటి సంకల్పం మీద, అనుమతి మీద ఆధారపడుతుంది. ఇంటి యజమాని చెప్పగా ఆయన కోసం కడితే కట్టడం యజమానిది, ఖర్చు ఆయన తీర్చవలసిన అప్పు. యజమాని అనుమతితో తన కోసమే కట్టుకుంటే కట్టడం కట్టినవానిది, స్థలం యజమానిదే. ఎవరూ అడగకుండా తండ్రి ఇంటి కోసం తనంతట తాను ఖర్చు పెడితే అది ఉపకారం, దానిని తిరిగి అడగలేడు. మూడు సంకల్పాలకు మూడు తీర్పులు. పదేళ్ళ తరువాత ఏది నాటి సంకల్పమో ఎవరు చెప్పగలరు? అప్పుల లావాదేవీలను సాక్షుల సమక్షంలో వ్రాసుకోమని అల్లాహ్ బఖరా సూరాలో ఆదేశించాడు. అనుమానం సోదరుల మధ్యకు రాకుండా ఉండటానికే ఆ ఆదేశం. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు వ్రాయండి. ఎవరు కట్టారు, ఎవరి అనుమతితో, ఎవరి కోసం, ఎంత ఖర్చయింది. తండ్రి, సంతానమంతా, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి.

తండ్రి మరణించిన తరువాత అయితే డాబా కూడా వారసత్వ ఆస్తియే. అందులో తల్లికి వాటా ఉంది, ప్రతి కుమార్తెకూ వాటా ఉంది. ఆస్తి పంపిణీ జరగకుండా, వారి సమ్మతి లేకుండా ఒక సోదరుడు దానిపై గది కట్టడం ఉమ్మడి సొత్తును తన సొంతానికి వాడుకోవడమే. చెల్లెలు అత్తవారింటిలో ఉన్నది కదా, ఆమెకు డాబాతో పనేమిటి అన్న మాట ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. ఆమె మౌనాన్ని సమ్మతి అనుకోవద్దు. పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతోనూ ఆడపిల్లలు మౌనంగా ఉంటారు. ఆమెను పిలిచి, కూర్చోబెట్టి, ఆమె వాటా ఎంతో ముందుగా చెప్పి, ఆ తరువాత అడగండి.

*చివరి మాట*

ఇల్లు పైకి పెంచదలచిన సోదరులు, సోదరీమణులు ఇంటిల్లిపాదినీ ఒకచోట కూర్చోబెట్టి ఈ క్రమంలో ఆలోచించవలసినదిగా నా మనవి. మొదట స్థలం ఎవరిదో తేల్చుకుని హక్కుదారుల సమ్మతిని వ్రాతపూర్వకంగా పొందండి. తరువాత ఇంజనీరు చేత ఇంటి బలం పరీక్ష చేయించి అనుమతి తీసుకోండి. పిట్టగోడ, మెట్లు, నీటి పూత, విద్యుత్తు తీగలు పూర్తయిన తరువాతే గోడల రంగు గురించి మాట్లాడండి. గది సిద్ధమయ్యాక ఇంటి పెద్ద స్వయంగా అందులో మూడు రాత్రులు, ఒక మధ్యాహ్నం పడుకుని చూడాలి. విశ్వాసి తన కోసం ఇష్టపడేదే తన సోదరుని కోసం కూడా ఇష్టపడాలన్నది మన ధర్మం. ఆ గదిలో ఆయన నిద్రించగలిగితే ఇతరులను పంపవచ్చు. నిద్రించలేకపోతే ఆ చోటు ఇంకా అటకయే. సామాను తిరిగి అందులోనే పెట్టి, మనుషులను క్రిందికి తీసుకురండి. ఇల్లు ఇరుకైనా ఫరవాలేదు. అల్లాహ్ మన ఇళ్ళను మనకూ, మన క్రింద, మన పక్కన ఉన్నవారికీ ప్రశాంతి నిలయాలుగా చేయుగాక. ఆమీన్.